మేత సంచితో కుట్టిన బ్యాగు

రొయ్యల చెరువు గట్టు మీద కాపురం ఉండేవాళ్ళకు ఏడాదికి పన్నెండు నెలలు ఉండవు, పంటలుంటాయి. చెరువులో రొయ్య పిల్లను వదిలిన రోజు పంట మొదలు, వల వేసి పట్టిన రోజు ముగింపు. ఆ నడుమ ఎక్కడికి పోదామన్నా మా ఆయన దగ్గర ఒకటే జవాబు: "పట్టుబడి కానీమే, పోదాం." పట్టుబడి అయ్యేది. లారీ వచ్చి రొయ్యల్ని ఐసులో వేసుకొని పోయేది. మరుసటి రోజు నుంచే మిగిలిన నీళ్ళు తోడెయ్యడం, అడుగు ఎండగట్టడం, సున్నం చల్లడం, మళ్ళీ నీళ్ళు పెట్టడం. ఊపిరి పీల్చుకునే లోపల మళ్ళీ పిల్ల దిగేది. "ఈ పంట కానీమే." పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో గాని, మేం పోయింది మాత్రం లేదు.

అల్లూరు దాటి సముద్రం వైపు వస్తే మా షెడ్డు. నాలుగు చెరువుల గట్లు కలిసే చోట రేకులతో కట్టారు. ముందు తలుపు తీసినా నీళ్ళే, వెనక తలుపు తీసినా నీళ్ళే. నడవడానికి ఒకటే సన్న గట్టు, దాని చివర ఇనుప గేటు, గేటు పక్కన తాటాకు పందిరి, పందిరి కింద మా అత్త. చెరువులు మావి కావు. ఓనరు రోడ్డు మీద మేడలో ఉంటాడు, మేం కాపలాకూ పనికీ ఉన్నాం. రాత్రంతా మా ఆయన మేలుకొని నీళ్ళు చిలికే మోటార్లు చూసుకుంటాడు, కరెంటు పోతే జనరేటరు వేస్తాడు. పగలు ఆయన నిద్రపోతే నేను తెప్ప మీద పోయి మేత చల్లుతాను. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి. మొగుడూ పెళ్ళామూ కలిసి గేటు దాటడమనేది మా బతుకులో లేదు. పిల్లలు లేరు. ఆ సంగతి నేనిక్కడ రాయబోవడం లేదు, దాని గురించి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో చాలినంత మంది ఉన్నారు.

మా అత్తకు ఒక పట్టింపు ఉంది. చెరువులో పంట ఉండగా ఇంటి ఆడమనిషి సంచి చేత పట్టుకొని గట్టు దిగకూడదు. దిగితే చెరువు ఖాళీ అవుతుంది. ఎప్పుడో ఎవరో కాపలావాడి పెళ్ళాం అలిగి సంచితో పుట్టింటికి పోయిందట, వారం తిరక్కుండా రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి చెరువు మొత్తం చచ్చి తేలిపోయిందట. ఆ చెరువు ఏ ఊరిదో, ఆమె ఎవరో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మా ఓనరు బాగా చదువుకున్నవాడే. నీళ్ళను సీసాలో పట్టి నెల్లూరులో పరీక్షలు చేయిస్తాడు. ఈ పట్టింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ముసలామె చెప్పినట్టు ఇనండి, మనకేం పోయింది?" అంటాడు. పోయేది ఆయనకు కాదు కదా. అందువల్ల నేను సంతకు పోయినా సంచిని చిన్నగా మడిచి చంకలో పెట్టుకొని పోవాలి. వచ్చేటప్పుడు మాత్రం నిండు సంచితో, అందరికీ కనబడేటట్టు రావాలి. ఆసుపత్రికి పోవచ్చు, చావుకు పోవచ్చు, చీకటి పడేలోగా తిరిగి రావాలి. మరో చీర పట్టుకొని పోకూడదు. మరో చీర లేకుండా ఆడది ఎంత దూరం పోగలదో మా అత్తకు బాగా తెలుసు.

నాకు మిషను కుట్టడం వచ్చు. పెళ్ళికి ముందు చర్చి పక్కన ఆడపిల్లలకు కుట్టు నేర్పే చోట నేర్చుకున్నాను, సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. నాతో నేర్చుకున్న ఒకామె నాయుడుపేట అవతల బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసింది.

"మంగళవారం కొత్తోళ్ళను తీసుకుంటా ఉండారే. మిషను మీద ఒక కుట్టు ఏయమంటారు, అంతే. పదకొండు లోపల గేటు కాడ ఉండాల. హాస్టలు ఉండాది, నా రూములోనే ఉండొచ్చు. వస్తావా?"

వస్తానని అనేశాను. అన్న తర్వాత తెప్ప మీద నిలబడి, చల్లిన చోటే రెండుసార్లు మేత చల్లాను. అక్కడికి పోయి ఏం సాధించాలని అంటే చెప్పలేను. తలుపు తీస్తే నీళ్ళు కాకుండా వీధి కనబడాలి. సెలవు రోజంటూ ఉంటే అది నాది కావాలి. ఒక పంట కాలం అక్కడ ఉండి చూద్దామనుకున్నాను. ఆ తర్వాత తిరిగి వచ్చేదాన్నా అని అడిగితే, నిజంగా నాకు తెలియదు.

మా ఆయనకు చెప్పకుండా ఏం చేయలేదు. ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన పళ్ళు తోముకుంటూ ఓపిగ్గా విన్నాడు, ఉమ్మేసి, "పట్టుబడి కానీమే, అప్పుడు చూద్దాం" అన్నాడు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. తిడితే నేనూ నాలుగు తిట్టి గేటు దాటేదాన్నేమో. మెత్తగా అంటాడు, ఆ మెత్తదనంలో కుడితిలో పడ్డ ఎలుకలాగా ఎటూ కాకుండా పోయాను.

షెడ్డులో బ్యాగు లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనుప పెట్టె అత్తగారి ఊళ్ళో ఉంది. అల్లూరుకు పోయి కొత్తది తెస్తే అత్త చూస్తుంది, ఎందుకని అడుగుతుంది. అప్పుడు షెడ్డు మూలన పడి ఉన్న ఖాళీ మేత సంచులు కనిపించాయి. ఖాళీ సంచులు దొంతరగా మడిచి నెత్తిన పెట్టుకొని ఓనరు ఇంటికి చేర్చడం నేనెప్పుడూ చేసే పనే. గట్టు మీద ఆ సంచులు మోసుకుపోతుంటే ఎవరూ ఇటు తిరిగి చూడరు. బ్యాగును వాటితోనే కుట్టి, సంచి మీది రొయ్య బొమ్మ పైకి కనబడేటట్టు పెడితే? నాకు నవ్వొచ్చింది. ఇంత తెలివి ఉండి ఇక్కడ మేత చల్లుతున్నానేంటి అనుకున్నాను.

ఆయన నిద్రపోయే పగటి పూటల్లో, మేతకూ మేతకూ నడుమ కుట్టాను. మేత సంచి మూతి కుట్టులో ఒక సుళువుంది. సరైన కొస పట్టి లాగితే ఒక్క ఊపున మొత్తం జారి వచ్చేస్తుంది. ఆ దారం దాచుకున్నాను. పక్కలకు అది చాలలేదు. పక్షులు వాలకుండా చెరువు మీద కట్టే నైలాన్ నూలు ఉంది, అది వాడాను. మిషను లేదు, దబ్బనమే గతి. గోనెలు కుట్టే దబ్బనం ఈ సంచిలో దిగడానికి మొండికేస్తుంది, దిగిందంటే పెద్ద కన్నం చేస్తుంది. అందుకే అంచు మూడు మడతలు పెట్టి, చెప్పు అడుగుతో దబ్బనాన్ని నెట్టి కుట్టాను. అరచేయి బొబ్బలెక్కింది. జిప్పు మా ఆయన చిరిగిన రెయిన్ కోటుది. లోపల ఒక పాత నూలు చీర వేశాను, అడుగున గట్టిగా ఉండడానికి క్యాలెండరు అట్ట పెట్టాను. పిడులు మాత్రం రెండుసార్లు విప్పి కుట్టాను, బరువు మొత్తం వాటి మీదే కదా. నేర్పినావిడ చూస్తే తప్పు పట్టడానికి ఏమీ దొరకకూడదని నా పంతం.

అత్త ఒకరోజు షెడ్డు దాకా వచ్చి చూడనే చూసింది.

"ఏందమ్మే కుట్టతా ఉండావ?"

"మేతకు మూతలత్తా. వాన పడితే తడస్తా ఉండాది గదా."

"మంచిదే" అని పోయింది. కాసేపటికి చిరుగులు లేని సంచులు రెండు ఏరి తెచ్చి నా పక్కన పెట్టింది. "ఇయ్యి గట్టిగా ఉండాయి, ఈటితో కుట్టు." ఆ రెంటిలో ఒకటి బ్యాగు అడుగుకు పనికొచ్చింది. పాపం, ముసలామె కడుపు చల్లన.

కుట్టడం అయ్యాక సర్ఫు నీళ్ళలో నానబెట్టి, నిమ్మ చెక్కలతో రుద్ది, రెండుసార్లు జాడించి, రేకుల మీద ఎండేశాను. మంచి ఎండ, సముద్రం గాలి. సాయంత్రం తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకొని వాసన చూశాను. ఏమీ లేదు. సర్ఫు వాసన తప్ప ఏమీ లేదని ఒట్టు పెట్టి చెప్పేదాన్ని.

మంగళవారం పొద్దున మొదటి మేత చల్లాను. ఆయన పడుకున్నాడు. నాలుగు చీరలు, జాకెట్లు, లోపలి బట్టలు, కత్తెర, సర్టిఫికెట్టు, ఇంత పచ్చడి బ్యాగులో సర్ది, జిప్పు వేసి, దాని మీద నాలుగు ఖాళీ సంచులు పరిచి నెత్తిన పెట్టుకున్నాను. గట్టు పొడుగునా మెడ తిప్పలేదు.

"యాడికి?" అంది అత్త.

"ఖాళీ సంచులత్తా. ఓనరింట్లో ఇచ్చొస్తా."

"బిరీన రా. ఎండెక్కతాది."

ఓనరింటి అరుగు మీద ఖాళీ సంచులు పడేసి, బ్యాగు పట్టుకొని రోడ్డెక్కాను. మధ్యాహ్నం మేతకు ముందు ఫోను చేసి ఆయన్ని లేపి చెబుదామనుకున్నాను. అప్పటికి పరీక్ష అయిపోతుంది. ఏం చెప్పాలో కూడా అనుకొని పెట్టుకున్నాను. నెల్లూరు బస్సు రాగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళలో అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆ హాయి రెండు స్టాపులు కూడా లేదు. పక్కనామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వేరే సీటుకు పోయింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి ఒకసారి నన్ను, ఒకసారి బ్యాగును చూశాడు. ఎవరో కండక్టరును పిలిచారు.

"ఏమ్మా, రొయ్యలు బస్సులో ఎక్కించగూడదని తెల్దా?"

"రొయ్యలు కాదన్నా. బట్టలు."

"సంచి మీద బొమ్మ కనపడతానే ఉండాది. కంపు కొడతా ఉంటే బట్టలంటావేంది? తెరువు."

నా ముక్కు నన్ను మోసం చేసిందని అప్పుడు తెలిసింది. పొద్దున్నే ఆ మేతలో చేతులు పెట్టి, మధ్యాహ్నం పెట్టి, సాయంత్రం పెట్టి, అది వాసన అన్న సంగతే మరిచిపోయాను. మేతలో కలిపే ఎండు చేపల పొడి వాసన సంచి పోగుల్లో ఇంకిపోయి ఉంటుంది, సర్ఫుకు లొంగుతుందా? ఎండ తగిలే కొద్దీ పైకి వస్తుంది. ఆ బస్సులో వాసన తెలియనిది నాకొక్కదానికే.

తెరిచాను. కండక్టరు నమ్మలేదు, అడుగున ఉన్నాయన్నాడు. ఒక్కొక్కటి తీసి సీటు మీద పెట్టాను. చీరలు, జాకెట్లు, ఆ కింద మగవాళ్ళు చూడకూడని బట్టలు. కండక్టరు తల తిప్పుకొని, "చాల్లేమ్మా, చాల్లే" అన్నాడు. నేను ఆపలేదు. అంత కోపం వచ్చింది. బ్యాగు తలకిందులు చేసి దులిపాను. పచ్చడి సీసా దొర్లి వెనక సీట్లోకి పోయింది. దాన్ని తీసిచ్చినామె పక్క చెరువు కాపలా అతని భార్య. ఆసుపత్రికి పోతోంది.

"అక్కా, ఇన్ని చీరలెందుకు?" అంది.

నేను బట్టలన్నీ తిరిగి బ్యాగులో కుక్కి జిప్పు లాగాను. కండక్టరు బ్యాగును తీసుకుపోయి వెనక తలుపు దగ్గర పెట్టాడు. నేనూ పోయి దాని పక్కన నిలబడ్డాను. ఆమె తన మొగుడికి ఫోను చేసి నా సంగతి చెప్పడం వినబడుతూనే ఉంది. చాడీ అనను, భయపడి చేసింది. పంట ఉన్న గట్టు దిగి బట్టలన్నీ సర్దుకొని పోయే ఆడదాన్ని చూస్తే మా దగ్గర ఎవరైనా భయపడతారు.

నెల్లూరు బస్టాండులో నాయుడుపేట బస్సు బయలుదేరబోతూ ఉంది. మెట్టు మీద కాలు పెట్టానో లేదో, ఆ కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. బట్టలే అని జిప్పు తీసి చూపించాను. "ఏదైనా కానీమ్మా, రెండు గంటలు జనం కూర్చోవాల. సంచి దించేసి నువ్వు రా" అన్నాడు. సంచి దించితే నాకంటూ ఏముంది? దించకపోతే బస్సు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్సు పోయింది.

ఇంకో బస్సుందన్నారు. పరుగెత్తి పోతే పదకొండుకు అందుకోవచ్చేమో. బెంచీ మీద ఒక చీర పరిచి, బట్టలన్నీ అందులో వేసి మూట కట్టడం మొదలుపెట్టాను. బిగించి ముడి వేస్తుంటే ఎదురుగా బురద కాళ్ళు కనిపించాయి. మా ఆయన.

నిద్ర లేచిన లుంగీతోనే బండి మీద వచ్చాడు. అరవలేదు. బెంచీ మీద ఖాళీగా పడి ఉన్న బ్యాగు చేతికి తీసుకున్నాడు. అంచు కుట్టు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపాడు.

"నువ్వే కుట్టినావా? బలే కుట్టినావే."

"వాసనంట. బస్సెక్కనీలా."

ఆయన ముఖానికి దగ్గరగా పెట్టుకొని గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. "ఏం వాసన? నాకేం తెలవడం లేదే" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా ముక్కు లాంటి ముక్కు ఈ నెల్లూరంతటిలో ఆయనకొక్కడికే ఉంది.

"పోదాం రామే" అన్నాడు.

"నాకు పరీక్షుండాది. చెప్పినా గదా నీకు. రెండో బస్సు వస్తాది, పోతా."

"సరే, నువ్వు పో. నేనీడే ఉంటా నువ్వొచ్చిందాకా."

"చెరువు కాడ ఎవురుండారు?"

"ఎవురూ లేరు. అమ్ముండాది."

అత్తకు జనరేటరు వేయడం రాదు. ఎండలు ముదిరాయి, ఆ వేళప్పుడే కరెంటు తీస్తారు. మోటార్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, ఎనిమిదేళ్ళుగా నాకు తెలిసిన చదువు అదే. ఆయన బెంచీ మీద తాపీగా కూర్చున్నాడు. నేను నిలబడి బస్సులు వచ్చే వైపు చూడాలి. చూడలేకపోయాను. బస్టాండు గడియారం వైపు చూశాను, మధ్యాహ్నం మేతకు ఎంతసేపుందో లెక్క వేశాను. ఆ లెక్క వేసినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. నేనే మూట తీసుకొని బండి వైపు నడిచాను.

ఆయన బ్యాగును మడిచి సీటు కింద పెట్టి, నన్ను ఎక్కించుకొని బయలుదేరాడు. ఊరి వైపు తిరగాల్సిన చోట తిరగకుండా బజారు వీధిలోకి పోనిచ్చాడు. సూట్‌కేసులు వీధి దాకా పేర్చిన షాపు ముందు ఆపాడు.

"దిగు."

"ఏంది?"

"దిగుమే. బ్యాగు లేకనే గదా ఇంత పని చేసినావు? అడిగుంటే కొనిచ్చేవోణ్ణి గదా. మేత సంచితో కుట్టుకునే కర్మేంది నీకు? జనం నవ్వరా?"

ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగా బాధపడుతున్నాడు, తన పెళ్ళానికి ఒక బ్యాగు లేకపోయిందే అని. పొద్దున బస్సులో బట్టలు దులిపినప్పుడు కూడా రాని సిగ్గు అప్పుడొచ్చింది. నేను పోవాలనుకున్నానని ఈ మనిషికి ఎలా చెప్పను? చెప్పాను కదా, రెండుసార్లు చెప్పాను. ఆయన చెవిలో పడింది బ్యాగు ఒక్కటే.

షాపులో ఆయన తొందర పడలేదు. చక్రాలు దొర్లించి చూశాడు, తాళం వేసి తీసి చూశాడు, రంగు నన్ను ఎంచుకోమన్నాడు. నా పరీక్షకు లేని తీరిక పెట్టె బేరానికి ఉంది. చెరువు, మోటార్లు, కరెంటు, ఏవీ అక్కడ గుర్తుకు రాలేదు. నాకు గుర్తుకు వచ్చాయి, నోరు తెరవలేదు. తేలితే తేలనీ అనుకున్నాను, మరుక్షణం భయపడ్డాను. నీలం రంగుది ఆయనే తీశాడు.

షాపతను దుమ్ము తుడుస్తూ, "ఏ ఊరికమ్మా ప్రయాణం?" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన నవ్వుతూ జవాబు చెప్పాడు. "యాడికీ లేదన్నా. ఇంట్లో ఒకటి ఉంటాదని."

పెట్టె ఆకారం చెడకుండా లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి ఉన్నాయి. షాపతను తీసెయ్యబోతే మా ఆయన వద్దన్నాడు, ఖాళీగా ఉంటే నొక్కుకుపోతుందట. కాగితాల పెట్టె ఆయన ముందు, బట్టల మూట నా ఒళ్ళో పెట్టుకొని బండి మీద ఊరు చేరాం. కరెంటు పోలేదు. మధ్యాహ్నం మేత ఆలస్యం కాలేదు, నేనే చల్లాను.

ఆ పెట్టె ఇప్పుడు నేను పడుకునే మంచం కింద ఉంది. ఆయన వారానికొకసారి బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి తోస్తాడు. అందులో బట్టలు పెట్టుకోమని ఎప్పుడూ అనడు. ఒక్కోరోజు ఆయన నిద్రలో ఉండగా మూత తీస్తాను. ఒక కాగితపు ఉండ చేతిలోకి తీసుకుంటాను. అవన్నీ తీసేస్తే చీరలు సర్దుతాను, సర్దితే ఈసారి మూట కట్టుకొనైనా పోతాను, ఆగను. మేత వేళవుతుంది. ఉండను తిరిగి దాని చోట పెట్టి మూత వేస్తాను.